టైఫాయిడ్‌తో పేగుకు రంధ్రం పడుతుందా? మా తమ్ముడికి పడింది

ముందు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టి రండి అన్నా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. పద్దెనిమిది రోజులుగా టైఫాయిడ్‌తో ఉన్న మీ బామ్మర్దికి పేగుకు రంధ్రం పడిందని, ఈ రాత్రికే ఆపరేషన్ చెయ్యాలని అంటున్నారు. జ్వరానికి కడుపు కొయ్యడమేంది, బిల్లు కోసం భయపెడుతున్నారా అని కదా మీ అడగడం. 2019లో సరిగ్గా ఇదే అనుమానంతో నేను ఆరు గంటలు పాడుచేశాను. నేను డాక్టర్‌ను కాదు, మా ఇంట్లో జరిగింది మాత్రం చెప్తాను.

మా తమ్ముడికి అప్పుడు 22 ఏళ్లు. హన్మకొండ నయీంనగర్‌లో రూమ్ తీసుకుని కోచింగ్‌కు పోయేవాడు. జ్వరం వస్తే ఊరికి తీసుకొచ్చాం. మా ఊరి ఆర్‌ఎంపీ విడాల్ అనే రక్తపరీక్ష చేయించి, "పాయింట్లు వచ్చినయి, టైఫాయిడే" అని రోజూ ఇంజెక్షన్, సెలైన్. పొద్దున తగ్గినట్టే ఉండేది, సాయంత్రానికి మళ్లీ 103. టైఫాయిడ్ అంటే విరేచనాలు అనుకుంటాం కదా, వీడికి మొదటి నుంచీ మలబద్ధకమే. నాలుగు రోజులైనా కాలేదని నాయనమ్మ ఆముదం తాగించింది. దానివల్లే రంధ్రం పడిందని తర్వాత ఏ డాక్టరూ అనలేదు గానీ, టైఫాయిడ్‌లో పేగు పుండై ఉంటుంది, విరేచనం మందు, ఎనిమా మీ అంతట మీరు ఇవ్వొద్దని గట్టిగా చెప్పారు.

రాత్రిళ్లు దుప్పటి పీకుతూ ఏదేదో గొణిగేవాడు. సంధి కొట్టిందన్నారు పెద్దవాళ్లు. గాలి సోకిందేమోనని మా అత్త తాయెత్తు కూడా కట్టింది. టైఫాయిడ్ ముదిరితే మనిషిని అలా మత్తులోకి, ప్రేలాపనలోకి లాగుతుందట. దీన్ని సన్నిపాత జ్వరం అన్నది ఊరికే కాదు.

పన్నెండో రోజు వరంగల్‌లో చూపించాం. జ్వరం 103 ఉన్నా నాడి 84 మాత్రమే కొట్టుకుంటోందని ఆ డాక్టర్ ఇద్దరు జూనియర్లను పిలిచి మరీ చూపించాడు. మామూలుగా జ్వరం పెరిగితే నాడి కూడా ఉరుకుతుంది, టైఫాయిడ్‌లో కొందరికి ఉరకదు. రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే బ్లడ్ కల్చర్‌కు పంపారు, ఏమీ రాలేదు. అప్పటికే ఊళ్లో యాంటీబయాటిక్ పడింది కదా, ఇంకేం వస్తుంది? అడ్మిట్ చెయ్యమన్నారు. మేం మందులు రాయించుకుని ఇంటికొచ్చాం.

పదహారో రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. జ్వరం దిగిందని అమ్మ సంబరపడి తంగేడు, గునుగు పూలు ముందేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం బొడ్డు కింద కుడివైపు నొప్పన్నాడు. చీకటి పడేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుంది, చెయ్యి వెయ్యనివ్వడు, ఒళ్లంతా చెమటలు. ఆసుపత్రికి తీసుకుపోతే జ్వరం 98, నాడి 130. మొన్న 103 జ్వరంలో 84 ఉన్న నాడి! జ్వరం దిగడమే మమ్మల్ని మోసం చేసింది.

నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. కాలేయం పైన నెలవంకలాగా సన్నటి నల్ల గీత. పేగులోంచి బయటికొచ్చిన గాలి అది, అక్కడ ఉండకూడదు. మీకు ఎక్స్‌రే ఇచ్చి ఉంటే చూపించమని అడగండి, మీకే కనబడొచ్చు. మాకు చూపించినా మేం నమ్మలేదు. మా మామ "ప్రైవేటోళ్లంతా ఇంతే" అన్నాడు, వాణ్ని కారులో వేసుకుని ఇంకో ఆసుపత్రికి పోయాం. అక్కడి సర్జన్ పొట్ట మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాల్లో అదే మాట చెప్పాడు. అప్పటికి రాత్రి ఒంటిగంట.

రంధ్రం ఎందుకు పడుతుందంటే, టైఫాయిడ్ క్రిమి చిన్నపేగు చివరి భాగంలో పేయర్స్ ప్యాచెస్ అనే చోట్ల గూడు కడుతుంది. అవి వాచి, కుళ్లి, మూడో వారానికల్లా ఊడి పుండవుతాయి. పుండు లోతుకు పోతే రక్తం పడుతుంది, ఇంకా లోతుకు పోతే రంధ్రం. టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి ఇలా అవుతుందట. లోపలి మలినం కడుపంతా పరుచుకుంటుంది కాబట్టి మందులతోనే చూద్దామంటే కుదరదు, ప్రతి గంటా లెక్కే.

మా వాడి రంధ్రం పెసరగింజంత. కడుపు కడిగి, పేగును పొట్ట మీదికి బయటికి తీసి, మలం పడడానికి బ్యాగ్ పెట్టారు. టీబీ వల్ల కూడా అక్కడే రంధ్రం పడొచ్చని ముక్క బయాప్సీకి పంపారు, టీబీ కాదని వచ్చింది. ఐసీయూలో ఆరు రోజులు. పక్క బెడ్ ఆయనదీ టైఫాయిడే, కళ్లు పచ్చబడితే పసిరికలనుకుని వారం పసరు తాగి వచ్చాడు. టైఫాయిడ్ కాలేయం మీద కూడా పడుతుందని ఆయన చెప్తేనే నాకు తెలిసింది.

బ్యాగ్ పెడతామంటే మాత్రం బెదరకండి. మూడు నెలల తర్వాత మళ్లీ ఆపరేషన్ చేసి పేగు కలిపేశారు, ఇప్పుడు బిర్యానీ కూడా తింటున్నాడు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో అవుతుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను ఇప్పుడే అడగండి. ఇంటికొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం తిరగబెడితే మళ్లీ ఆర్‌ఎంపీ దగ్గరికి పోకండి. విడాల్ మీద కూడా ఆధారపడకండి, జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి అది పాజిటివ్ చూపించొచ్చు.

మా వాడికి రెండు యూనిట్ల రక్తం పట్టింది. మీ బామ్మర్దిది ఏ గ్రూపో ఇక్కడ రాయండి. నాది ఓ పాజిటివ్, హన్మకొండలోనే ఉన్నాను.