పది లైన్లలో జీవిత చరిత్ర రాయొచ్చా?

ప్రశ్న: నేను విజయనగరంలో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. పాత విద్యార్థులు సన్మానం పెట్టుకుని, కరపత్రంలో వేయడానికి 'మీ జీవిత చరిత్ర పది లైన్లలో రాసివ్వండి మాస్టారూ' అన్నారు. పది లైన్లు రాస్తే జీవిత చరిత్ర అవుతుందా, బయోడేటా అనాలా? 'నేను' అని రాయాలా, ఎవరో రాసినట్టు రాయాలా? పేరు పక్కన 'గారు' పెట్టుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, వాళ్లకి కావలసింది మీ 'పరిచయం'. జీవిత చరిత్ర అంటే ఒకరి బతుకు గురించి ఇంకొకరు వివరంగా రాసేది, ఎవరిది వారే రాసుకుంటే స్వీయచరిత్ర లేదా ఆత్మకథ. ('స్వీయ ఆత్మకథ' అని కూడా రాస్తున్నారు ఈమధ్య, రెండిట్లో ఒకటి తీసేయాలి.) మీ ఊరి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారి 'నా యెరుక' స్వీయచరిత్రే. దాన్ని కరపత్రంలో ఇరికించలేం కదా!

బయోడేటా తప్పు మాటేం కాదు. కాకపోతే మన ఇళ్లలో ఆ మాట వినగానే పెళ్లి సంబంధం గుర్తొస్తుంది, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, జీతం, మేనమామల ఇంటిపేరుతో సహా. ఉద్యోగానికి ఇచ్చేదాన్ని రెజ్యూమె అంటున్నారు. సన్మానానికి 'పరిచయం' అనండి, కొంచెం నిండుగా ఉండాలనుకుంటే 'జీవిత విశేషాలు' అనండి.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. 'నేను' అని ఉత్తమ పురుషలో రాస్తే కరపత్రంలో ఉత్తరం ముక్కలా కనబడుతుంది. పోనీ ప్రథమ పురుషలో రాద్దామంటే (ఇంగ్లీషు లెక్కలో ఇది థర్డ్ పర్సన్, పిల్లలు ఎప్పుడూ తికమకపడేది ఇక్కడే) తెలుగు క్రియ ఊరుకోదు. 'జన్మించారు' అంటే మిమ్మల్ని మీరే గౌరవించుకున్నట్టు, 'పుట్టాడు' అంటే సన్మానపత్రంలో మరీ మొరటుగా ఉంటుంది. ఇంగ్లీషు వాడికి ఈ బాధ లేదు. మనకి మాత్రం మాట్లాడే భాషలోనే దారి ఉంది, చూడండి:

'పుట్టింది 1961లో, అప్పటి శ్రీకాకుళం జిల్లా సాలూరులో. డిగ్రీ చదివింది విజయనగరంలో. పాఠాలు చెప్పింది ఎక్కువగా గజపతినగరం చుట్టుపక్కల బడుల్లో, లెక్కలు.'

పుట్టింది, చదివింది, చెప్పింది అంటే ఆడా మగా తేడా రాదు, గౌరవం పెంచడమూ తగ్గించడమూ ఉండదు. మనం రోజూ 'నువ్వు పుట్టింది ఎక్కడ?' అని అడుగుతామే, అదే వాక్యం. 'గారు', 'శ్రీ' మీరు పెట్టుకోకండి, అచ్చు వేయించే వాళ్లు ఎలాగూ పెడతారు. అమ్మానాన్నలు కాలం చేసి ఉంటే 'కీ.శే.' చాలు, దాని పక్కన మళ్లీ 'శ్రీ' వద్దు.

పై నమూనాలో 'అప్పటి' అన్నది ఊరికే పెట్టలేదు. మన వైపు పరిచయాల్లో నేను ఎక్కువగా చూసే తప్పు జిల్లాతోనే. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. సాలూరు శ్రీకాకుళంలో ఉండేది, 1979లో విజయనగరంలోకి వచ్చింది, 2022 నుంచి పార్వతీపురం మన్యంలో ఉంది. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు! కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1924లో 'శ్రీకాకుళం జిల్లా మురపాకలో' పుట్టారని రాసేస్తుంటారు, అప్పటికి ఆ జిల్లాయే లేదు. 'ఇప్పటి శ్రీకాకుళం జిల్లా' అంటే సరిపోతుంది. మీ ఊరికి కూడా అప్పటిదో ఇప్పటిదో ఏదో ఒకటి తేల్చుకుని రాయండి.

ఇక బదిలీ అయిన ప్రతి బడి పేరూ తేదీలతో సహా ఎక్కించకండి, అది సర్వీస్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ చోటులో ఏ తరగతికి ఏం చెప్పేవారో రాయండి, చదివేది మీ దగ్గర చదువుకున్న వాళ్లే కదా.