అమెరికా ఫ్రాంటియర్ పెళ్లిళ్ల మీద క్రైస్తవ నవలలు: ఏవి ఇవ్వొచ్చు, ఎంతవరకు నమ్మొచ్చు

మీరు రెండు సంగతులు అడిగారు. ఇంగ్లీషు చదవగల మీ అత్తగారికి పడకగది సన్నివేశాలు లేని, ప్రార్థన, విశ్వాసం ఉన్న ఈ పాతకాలపు అమెరికా ప్రేమ నవలలు ఇవ్వొచ్చా అన్నది ఒకటి. ముక్కూమొహం తెలియని ఇద్దరు ముందు పెళ్లి చేసుకుని, ఆ తరువాత ప్రేమించుకోవడం అప్పట్లో నిజంగా జరిగేదా అన్నది రెండోది. నిక్షేపంగా ఇవ్వొచ్చు, ఒక్క పుస్తకం మాత్రం ముందు మీరు చదివి చూసుకోండి. అలాంటి పెళ్లిళ్లు జరిగేవి కూడా. కానీ ఎందుకు జరిగేవో ఈ నవలలు సగమే చెబుతాయి.

నేను నెబ్రాస్కాలో, ఒమాహాలో ఉంటాను. మాది బాపట్ల, అమ్మమ్మల కాలం నుంచి బాప్టిస్టు సంఘం. అమ్మ రిటైరైన టీచరు. ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ పొద్దుపోక లైబ్రరీలో పెద్దక్షరాల పుస్తకాల అరలు తిరగేసేది. అక్కడ ఈ రకం నవలలకు కొదవ లేదు. అట్ట మీద తలకు బోనెట్ టోపీ కట్టుకున్న అమ్మాయి, వెనకాల గోధుమచేను, దూరంగా ఒక గుర్రం. ఆవిడ చదివి సోఫా మీద వదిలేసినవి తీసి చూస్తూ చూస్తూ నేనూ అలవాటు పడ్డాను.

మొదలుపెట్టాల్సింది జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'తో. ఆవిడ కెనడా మనిషి, ఆల్బర్టాలో పుట్టింది. 1979లో బెథనీ హౌస్ దీన్ని వేసింది. ఇప్పుడు షాపుల్లో కనిపించే క్రైస్తవ ప్రేమ నవలలకు దారి వేసింది ఇదేనని అందరూ ఒప్పుకుంటారు. కథ చిన్నది. భర్తతో బండి కట్టుకుని పడమటికి వచ్చిన పంతొమ్మిదేళ్ల మార్టీ. గుర్రం పడి భర్త పోతాడు. ఆమె కడుపుతో ఉంది. పాతిపెట్టిన రోజే క్లార్క్ అనే రైతు వచ్చి పెళ్లి చేసుకోమంటాడు. అతనికీ భార్య పోయింది, మిస్సీ అనే పసిపిల్ల ఉంది. ప్రేమ మాట ఎత్తడు. బిడ్డకు తల్లి కావాలి, నీకు ఈ చలికాలం తలదాచుకోను చోటు కావాలి అంటాడు. వసంతంలో తూర్పుకి బండ్లు వెళ్లేటప్పుడు పోతానంటే ఖర్చులిచ్చి పంపిస్తాను, కాకపోతే మిస్సీని కూడా నీతో తీసుకెళ్లాలి అంటాడు. ఆమెను ఇంట్లో ఉంచి, తను పక్కన కట్టిన పంచలో పడుకుంటాడు.

ఇది చదివి అమ్మ అడిగిన మొదటి మాట: "ఆ పిల్ల తరఫున మాట్లాడే పెద్దవాళ్లే లేరా?"

లేరు. ఫ్రాంటియర్ అంటే తెల్లవాళ్లు కొత్తగా వెళ్లి కాపురాలు పెట్టిన పడమటి సరిహద్దు ప్రాంతం. అక్కడి పెళ్లికీ మన పెద్దలు కుదిర్చిన పెళ్లికీ తేడా ఇదే. తెలుగు పాఠకులు ఈ నవలలు పట్టుకోగానే "ఓహో, మనలాగే పెళ్లయ్యాక ప్రేమ" అనేసుకుంటారు. మన దగ్గర ఆ ఇద్దరి వెనక రెండు కుటుంబాలు, ఒక సంఘం, అడిగేవాళ్లు, తిట్టేవాళ్లు ఉంటారు. అక్కడ పుట్టిల్లు నెలల ప్రయాణం. పాస్టరు కూడా రోజూ దొరకడు. మెథడిస్టు బోధకులు గుర్రాల మీద ఊరూరా చుట్టు తిరిగేవాళ్లు. ఆయన వచ్చినప్పుడే పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఎప్పుడో పోయినవాళ్లకు జ్ఞాపకార్థ ప్రసంగాలు, అన్నీ. అందుకే ఈ నవలల్లో పెళ్లి తొందరగా అయిపోతే దాన్ని అతిశయోక్తి అనుకోనక్కర్లేదు.

ఓక్ పుస్తకంలో నాకు నచ్చేది పెళ్లి తరువాతి మందకొడి భాగం. మార్టీకి వంట రాదు. రోజూ పాన్‌కేకులే. కోడిని పట్టడం రాదు, రొట్టె చేయడం రాదు. అతను మాట్లాడకుండా తింటాడు. ఇద్దరి మధ్య చనువు పెరిగేది ఆ పనుల్లోనే. తొందరపడేవాళ్లకు విసుగే గానీ, నా లెక్కలో ఈ జాతి నవలలకు ప్రాణం ఆ వందపేజీలే. ఆ పద్ధతి తరువాత వచ్చినవాళ్లలో చాలామంది పట్టుకోలేకపోయారు. మొదటి అధ్యాయంలోనే అతని భుజాల వెడల్పు కొలవడం మొదలుపెడతారు.

వేరే పడకల సంగతి మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు. లింకన్‌కి దక్షిణాన బియాట్రిస్ దగ్గర హోమ్‌స్టెడ్ జాతీయ పార్కు ఉంది, అమ్మను తీసుకెళ్లాను. 1867లో కట్టిన పామర్-ఎపర్డ్ క్యాబిన్ అక్కడ నిలబెట్టారు. 14 అడుగులకు 16 అడుగులు. ఆ గదిలోనే పొయ్యి, పడక, పిల్లలు, పిండి డబ్బా. చెట్లు లేని చోట్ల అదీ లేదు. గడ్డి వేళ్లతో సహా నేలను ఇటుకల్లా కోసి గోడలు కట్టుకునేవాళ్లు. వాన పడితే కప్పు నుంచి బురద, ఎండితే మట్టి. రాలకుండా లోపల గుడ్డ కట్టేవాళ్లు. వంటచెరుకు దొరక్క ఎండిన అడవిదున్న పేడ ఏరుకుని పొయ్యిలో పెట్టేవాళ్లు. అక్కడ అమ్మకి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. అలాంటి గదిలో కొత్త దంపతులు ఆరు నెలలు సిగ్గుతో తలుపు కొట్టి లోపలికి రావడమంటే, రచయిత్రికి కావలసిన తలుపు రచయిత్రే పెట్టుకుంది.

ఇక ఆ మిగతా సగం కారణం, భూమి. నవలల్లో పెళ్లికి కారణం ఎప్పుడూ పసిబిడ్డ, చలికాలం, దేవుని చిత్తం. చట్టం ఊసు తక్కువ. 1850లో ఒరెగాన్ కోసం ఒక భూమి చట్టం చేశారు. అప్పటికే అక్కడ ఉన్న పెళ్లికాని మగవాడికి 320 ఎకరాలు. 1851 డిసెంబరు 1 లోగా పెళ్లయితే దంపతులకు 640, అందులో సగం భార్య సొంత పేరు మీద. గడువు పెట్టి మరీ, భార్య ఉంటే ఇంకో 320 ఎకరాలు అంటే ఏం జరుగుతుందో మనకు చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలకు కూడా పెళ్లిళ్లు చేసేశారు. ఆ చట్టంలో నల్లవాళ్లకు చోటు లేదు. ఇస్తున్న నేల ఇంకా ఒప్పందాల ప్రకారం నేటివ్ తెగల నుంచి తీసుకున్నదీ కాదు.

1862 హోమ్‌స్టెడ్ చట్టం మాట వేరు. 160 ఎకరాలు, అయిదేళ్లు కాపురం ఉండి సాగు చేస్తే పట్టా. ఇరవై ఒక్కేళ్లు నిండిన పెళ్లికాని ఆడపిల్ల పెట్టుకోవచ్చు, విధవరాలు పెట్టుకోవచ్చు. భర్త ఉన్న మనిషి తన పేరున పెట్టుకోకూడదు, ఎందుకంటే కుటుంబ పెద్ద అతను. అంటే 1862 తరువాత జరిగే కథల్లో దిక్కులేనిదానిలా కనిపించే ఆ విధవరాలికి చట్టప్రకారం సొంతంగా భూమికి హక్కుంది. దరఖాస్తు పెట్టకముందే ఏ మంచి మనిషినో పెళ్లి చేసుకుంటే అది పోతుంది. ఈ సంగతి తెలిశాక నేను ఏ నవల తీసినా పట్టా ఎవరి పేరు మీద ఉందో వెతుక్కుంటాను. చాలావాటిలో దొరకదు. దాన్ని కథలోకి తెచ్చిన రచయిత్రులు కొందరున్నారు, వాళ్ల పుస్తకాల్లో ప్రేమకు బలం పెరిగిందే గానీ తగ్గలేదు.

నిజమైన మనుషుల కథ కావాలంటే నార్సిసా విట్‌మన్ గురించి చదవండి. న్యూయార్క్ రాష్ట్రంలో పెరిగిన భక్తురాలు, మిషనరీగా వెళ్లాలని కోరిక. ఒంటరి ఆడదాన్ని పంపడానికి మిషన్ బోర్డు ఇష్టపడలేదు. మార్కస్ విట్‌మన్ అనే డాక్టరుకీ అదే చిక్కు, అతనికీ భార్య కావాలి. ఇద్దరికీ పరిచయం నామమాత్రం. 1836 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకుని వెంటనే బయలుదేరారు. రాకీ పర్వతాలు దాటిన మొదటి తెల్ల స్త్రీలు ఆమె, తోటి మిషనరీ భార్య ఎలైజా స్పాల్డింగ్. దారిలో ఇంటికి రాసిన ఉత్తరాల్లో భర్త మీద ప్రేమ కనిపిస్తుంది. అంటే పెళ్లయ్యాక ప్రేమ కల్పన కాదు.

నవల అయితే అక్కడ ఆగిపోయేది. జీవితం ఆగలేదు. వాయిలట్పు అనే చోట కయూజ్ తెగవారి నేల మీద మిషన్ పెట్టారు. ఆ నేలకి ఏమిచ్చారని తెగ పెద్దలు అడుగుతూ వచ్చారు. 1839లో విట్‌మన్ దంపతుల రెండేళ్ల కూతురు ఏటిలో పడి చనిపోయింది. 1847లో తట్టు వచ్చింది. డాక్టరు చేతి మందు తిన్న తెల్లపిల్లలు చాలామంది కోలుకున్నారు, కయూజ్ పిల్లలు కుప్పలుగా పోయారు. ఆ నవంబరు 29న కయూజ్ మనుషులు కొందరు విట్‌మన్ దంపతులను, ఇంకా కొందరిని చంపేశారు. 1850లో అయిదుగురు కయూజ్‌లను ఉరి తీశారు. దీన్ని ఏ ఒక్కరి పక్షానో నిలబడి చెప్పడం కుదరదు. ఫ్రాంటియర్ ప్రేమ నవలల్లో నేటివ్ మనుషులు ఎందుకంత తక్కువ కనిపిస్తారో, కనిపించినా ఒక మందు ఇచ్చి ఎందుకు మాయమవుతారో ఇక్కడ అర్థమవుతుంది.

ముందు చదివి చూసుకోమన్న పుస్తకం ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్'. 1850 నాటి కాలిఫోర్నియా, బంగారం కోసం జనం ఎగబడిన రోజులు. బైబిల్లోని హోషేయ గ్రంథంలో, దేవుడు చెప్పాడని వ్యభిచారిణి అయిన గోమెరును పెళ్లాడిన ప్రవక్త హోషేయ కథను తీసుకుని అల్లింది. 1991లో మామూలు ప్రచురణ సంస్థ ద్వారా వచ్చి, 1997లో సవరణలతో క్రైస్తవ మార్కెట్లోకి వచ్చింది. చదివించే శక్తి బాగా ఉంది, మా సంఘంలో దాన్ని సాక్ష్యంలా చెప్పుకునే అక్కలున్నారు. కానీ చిన్నప్పుడే వ్యభిచారానికి అమ్మేసిన పిల్ల కథ అది, కొన్ని పేజీలు తట్టుకోవడం కష్టం. పైగా చావుదెబ్బలు తిని స్పృహ సరిగా లేని స్థితిలో ఆమె చేత పెళ్లికి ఊ అనిపిస్తాడు కథానాయకుడు. అది దేవుని కృప అని రచయిత్రి నమ్మకం. నాకు మాత్రం అక్కడ ఊపిరాడలేదు. అమ్మ అయితే "హోషేయకు దేవుడు చెప్పాడు, ఇతనికి ఎవరు చెప్పారు?" అని మూసి పెట్టేసింది, తిరిగి తెరవలేదు.

మీ అత్తగారు అమెరికాలోనే ఉంటే కొనకండి. లైబ్రరీలో పెద్దక్షరాల్లో అడగండి, ఓక్ సిరీస్ ఎనిమిది పుస్తకాలూ వరసగా దొరికే అవకాశం ఎక్కువ. మార్టీ, క్లార్క్‌ల కథ తరువాత వాళ్ల పిల్లల వైపు తిరుగుతుంది కాబట్టి మొదటిది నచ్చితేనే రెండోదానికి వెళ్లమనండి. 2003లో వచ్చిన టీవీ సినిమా కూడా ఉంది, కేథరిన్ హైగల్ మార్టీగా వేసింది. అందులో మిస్సీ పసిపిల్ల కాదు, ఎదురుతిరిగే వయసు పిల్ల. సినిమాకి అది కలిసొచ్చింది గానీ కథ మారిపోయింది. అందుకని పుస్తకం ముందు ఇచ్చి సినిమా తరువాత చూపించండి.