ట్రీట్‌మెంట్ అయిపోయాక కూడా చెకప్‌లకు వెళ్లాలా? మా అత్తమ్మ అనుభవం

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉంది, అయినా మూడు నెలలకోసారి హైదరాబాద్ పోవాలా, పొలం పనులు చేయొచ్చా అని మీరు అడిగారు. చెకప్ మాత్రం మానొద్దండి. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అత్తమ్మకు ఇదే జబ్బు వచ్చి, ట్రీట్‌మెంట్ పూర్తయి నాలుగేళ్లయింది.

మేము పొరపాటు పడింది చెయ్యి విషయంలో. ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేస్తే ఆ వైపు చేతికి నీరు చేరి వాపు రావొచ్చు. ఇది ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా వస్తుంది. అత్తమ్మ బాగానే ఉన్నానని పత్తి ఏరడానికి పోయింది. పత్తికాయ మొనలు వేళ్లకు గీసుకోవడం మనకు మామూలే కదా, ఎవరం పట్టించుకోలేదు. సంక్రాంతికి కొత్త గాజులు తొడుగుతుంటే కుడి చేతికి ఎక్కాయి, ఆపరేషన్ అయిన వైపు, ఎడమ చేతికి పిడికిలి దగ్గరే ఆగిపోయాయి. సబ్బు రాసినా ఎక్కలేదు. రెండు రోజులకు చెయ్యి ఎర్రబడి, కాలిపోతూ, చలిజ్వరం. గీతల్లోంచి ఇన్ఫెక్షన్ లోపలికి పోయింది. ఇలా కనిపిస్తే తెల్లారే దాకా ఆగకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పని మానక్కర్లేదు. గ్లౌజులు వేసుకుని, బరువులు రెండో చేత్తో మోస్తే చాలు. గోడ మీద వేళ్లు పైకి పాకించే ఎక్సర్‌సైజ్ రోజూ చేయించండి. మా దర్వాజ పక్కన అత్తమ్మ చెయ్యి ఎంతవరకు లేచిందో చూపే బొగ్గు గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

చెకప్ మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత రెండేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి, ఆపై ఏడాదికోసారి. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) ఏటా. ఏ ఇబ్బందీ లేకపోతే ప్రతిసారీ పెద్ద స్కాన్లు అవసరం ఉండదు. కొత్త గడ్డ, తగ్గని ఎముకల నొప్పి, దగ్గు, ఆయాసం ఉంటే మాత్రం తేదీ కోసం చూడకుండా వెళ్లాలి. టామాక్సిఫెన్ (క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే మాత్ర) రాసి ఉంటే మామూలుగా ఐదేళ్లు, లేదా డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడాలి, ఒంట్లో వేడి పుడుతోందని సొంతంగా ఆపనివ్వొద్దు. ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చెప్పండి.

ఇంకొకటి. చెకప్ ముందు రోజు రాత్రి అత్తమ్మ అన్నం ముట్టదు, "మళ్లీ ఏమంటారో బిడ్డా" అంటుంది. ఆ రాత్రి నేను ఆమె పక్కనే పడుకుంటా. మీ అమ్మగారిని కూడా ఒక్కరినే బస్సెక్కించకండి.