అల్లుడు రాసిన 12 డాలర్లు

ప్రశ్న: గత వేసవిలో డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. ఒకరోజు హోటల్లో 60 డాలర్ల భోజనానికి మా అల్లుడు 12 డాలర్లు టిప్పు రాశాడు. "మన దగ్గర సోంపు పళ్ళెంలో 20 రూపాయలు వదిలితే సర్వర్ నమస్కారం పెడతాడు, ఇక్కడ వెయ్యి రూపాయలా!" అని అందరి ముందూ అనేశాను. అల్లుడు ఏమీ అనలేదు గాని, అమ్మాయి చిన్నబుచ్చుకుంది. వచ్చే ఏప్రిల్‌లో మా అబ్బాయి జపాన్ తీసుకువెళతానంటున్నాడు. అక్కడా ఇంతేనా?
- ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు

జవాబు: మీ అల్లుడు చేసినది న్యాయమైన పని. మన హోటళ్ళలో టిప్పు అంటే జీతం మీద దొరికే పైచిల్లర. టెక్సస్‌లో ఆ సర్వర్ ఇల్లు గడిచేదే దానితో. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు కాగా, టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని తన వంతుగా 2.13 డాలర్లు ఇస్తే చాలు. మిగిలిన 5.12 డాలర్లు భోంచేసినవాళ్ళు ఇస్తారని చట్టమే లెక్కగడుతుంది, అంత రాకపోతేనే యజమాని ఆ లోటు పూడ్చాలి. ఈ 2.13 అనే అంకె 1991 నుంచి మారలేదంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు పూర్తి కనీస వేతనం ఇప్పిస్తున్నా, 15 నుంచి 20 శాతం ఇచ్చే అలవాటు అక్కడా అలాగే ఉంది.

ఈ పద్ధతి వెనుక ఒక చేదు చరిత్ర ఉంది. అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక, విముక్తులైన నల్లజాతివారిని చాలా హోటళ్ళు, పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ పనిలో పెట్టుకుని, నామమాత్రపు జీతంతో సరిపెట్టి, మిగతాది ప్రయాణికుల దయకు వదిలేశాయి. పనిలో పెట్టుకున్న యజమాని కాక, సేవ అందుకున్నవాడు కూలి ఇచ్చే ఏర్పాటు అలా వేళ్ళూనుకుంది. ఇది తప్పని అమెరికన్లకూ తోచకపోలేదు: వాషింగ్టన్ రాష్ట్రం 1909లో టిప్పులనే నిషేధించింది, మరికొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి, కాని 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయిపోయాయి.

మీకు ఉపయోగపడే సంగతి ఒకటి చెబుతాను. కార్డు గీసి తెచ్చిన చీటీలో భోజనం 60, పన్ను 4.95 అని ఉండి, దాని కింద టిప్పుకు ఒక ఖాళీ గీత, మొత్తానికి ఇంకొకటి ఉంటాయి. శాతం కట్టవలసింది పన్నుకు ముందున్న 60 మీద. కలం పట్టేముందు పైవరుసలు తప్పక చదవండి, ఎందుకంటే ఆరుగురు, అంతకు మించి కూర్చుంటే చాలాచోట్ల 'గ్రాట్యుటీ' పేరుతో ముందే కలిపేస్తారు. మనవాళ్ళు రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళడం మామూలే కాబట్టి, తెలియక రెండుసార్లు ఇచ్చేవారు ఎందరో. కౌంటర్ దగ్గర కాఫీ కొనుక్కుని వెళ్ళిపోయేటప్పుడు తెర మీద టిప్పు అడిగినా, ఇవ్వకపోతే తప్పేమీ లేదు.

జపాన్‌లో మాత్రం ఏమీ ఇవ్వకండి. అక్కడ డబ్బు చేతికి చేయి తగిలేలా ఇవ్వరు; కౌంటర్ మీది చిన్న పళ్ళెంలో ఉంచితే, చిల్లర కూడా లెక్కపెట్టి అందులోనే తిరిగి ఇస్తారు. బల్ల మీద నాణేలు వదిలి వస్తే, మరిచిపోయారనుకుని వెంట పరుగెత్తుకొచ్చి అప్పగిస్తారు. శ్రద్ధగా వడ్డించడం వారి దృష్టిలో ధరలోనే ఉన్న బాధ్యత. బయలుదేరేటప్పుడు "గోచిసోసమ దేశిత" అనండి, భోజనానికి కృతజ్ఞత చెప్పే మాట అది. ఫ్రాన్స్‌లో సేవ ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. బ్రిటన్‌లో బిల్లుకు చేర్చే 12.5 శాతాన్ని తీసేయమని అడగవచ్చు.

మన నగరాల్లోనూ బిల్లులో 'సర్వీస్ ఛార్జి' కనిపిస్తుంటుంది. దానిని తప్పనిసరిగా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఆదేశించగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాలను సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి, వినకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. వడ్డన నచ్చితే ఆ డబ్బు నేరుగా సర్వర్ చేతిలోనే పెట్టండి.