టెంక నుంచి లేచిన మొక్కకు మల్గోవా కాస్తుందా?

ప్రశ్న: పోయిన వేసవిలో మల్గోవా తిన్నాక మా పిల్లోడు టెంకను పాత పెయింట్ బకెట్లో పూడ్చాడు. ఇప్పుడు మొక్క నా మోకాలు దాటింది. మల్గోవాలే కాస్తాయని వాడు, టెంక చెట్టు కాయనే కాయదు పీకి పారేయమని మా అత్త. కొత్త ఆకులేమో ఎర్రగా వేలాడుతున్నాయి, అదొక టెన్షన్. ఏం చేయమంటారు సార్?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆకుల సంగతి. మామిడి చిగురు రాగిరంగులో మెత్తగా వేలాడుతూనే వస్తుందమ్మా, కొన్నాళ్ళకు అదే పచ్చబడి గట్టిపడుతుంది. జబ్బేమో అనుకుని నీళ్ళు ఎక్కువ పోశారంటే మాత్రం వేరు కుళ్ళుతుంది. బకెట్ అడుగున రంధ్రాలున్నాయో లేదో ఇవాళే చూడండి.

ఇక మీ ఇంటి పంచాయితీ. కాయదన్నది తప్పు. కాస్తుంది, కాకపోతే ఆరేడేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు కూడా పట్టొచ్చు. ఏం కాస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. మల్గోవా, బంగినపల్లి, నీలం లాంటి మన రకాల టెంకలో ఉండేది ఒకే పిండం, అది తల్లీతండ్రీ ఇద్దరి బిడ్డ. ఆ పూతకు ఈగలు పుప్పొడి ఎక్కడి నుంచి మోసుకొచ్చాయో ఏమో, చిత్తూరు వైపు తోట అయితే పక్కనున్నది తోతాపురే అయ్యుంటుంది. పీచుకాయ రావొచ్చు, పుల్లటిది రావొచ్చు, నక్కతోక తొక్కితే ఎవరూ తినని కొత్త రుచీ రావొచ్చు. పడమటి తీరంలో ఒకే టెంకకు మూడు నాలుగు మొక్కలు లేచే రకాలున్నాయి, వాటిలో చాలావరకు తల్లిపోలికే, మనవి అలా కాదు.

అయినా పీకొద్దు. వాడు తిన్న వెంటనే పూడ్చబట్టి మొలిచింది గానీ, నెలరోజులు ఎండబెట్టుంటే లోపలి జీడి చచ్చేది. పైగా నర్సరీలో మీకు అమ్మే అంటుమొక్క కింది భాగం కూడా ఇలాంటి టెంక మొక్కే. కాండం పెన్సిల్ లావు అయితే ఆగస్టు లోపు అంటు కట్టించండి. తెలిసినవాళ్ళ తోటలో బాగా కాసే మల్గోవా చెట్టు నుంచి, పూత రాని, మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మ కావాలి. దాన్ని కోసే ముందు వారం పది రోజులు ఆకులు కత్తిరించి కాడలు మాత్రం వదిలేస్తే కొసమొగ్గ ఉబ్బుతుంది. మొక్క తల నరికి, నిలువునా చీల్చి, మేకులా చెక్కిన పుల్లను అందులో దించి, గాలి దూరకుండా పాలిథీన్ పట్టీ చుట్టాలి. బెరడుకు బెరడు ఒక పక్కనైనా సరిగ్గా తగలాలి, పని మొత్తంలో కష్టం అదొక్కటే. అంటు అతకకపోతే మళ్ళీ కట్టొచ్చు. అతికితే మూడు నాలుగేళ్ళకే కాపు.

నేను మొదటిసారి కట్టినప్పుడు చిగురొచ్చిందని వీధంతా చాటాను, తీరా దగ్గరికి పోయి చూస్తే అది కట్టు కింద నుంచి వచ్చింది, పైన పుల్ల ఎప్పుడో ఎండిపోయింది! కాబట్టి కట్టు కింద ఏది మొలిచినా గోటితో గిల్లేయండి.

చిగుర్లు నిలబడ్డాక బకెట్ మార్చాలి, లేకపోతే తల్లివేరు అందులోనే చుట్టుకుపోతుంది. జాగా ఉంటే మూడడుగుల గుంత, లేకపోతే మిద్దెమీద పెద్ద డ్రమ్ము.

ప్రశ్న: సీతాఫలం గింజలు పెట్టి నెలైంది, ఒక్కటీ మొలవలేదు. దుకాణం మట్టి మంచిది కాదా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మట్టిని అనకండి. ఆ గింజ పెంకు గట్టిది, ఒక రోజు నానబెట్టకుండా పెట్టినట్టున్నారు. నెల దాటాక మొలవడం మామూలే. మామిడిలా కాదు, గింజమొక్క అయినా మూడు నాలుగేళ్ళకే కాస్తుంది, మన కొండల్లో ఎవరు అంటు కట్టారని కాస్తోంది! తడి ఆరనీయకుండా ఇంకో పదిహేను రోజులు చూడండి, రోజూ వేలుపెట్టి తవ్వడం మాత్రం మానండి.