తాబేలు కూర తిన్నాం.. జరిమానా కడితే కేసు పోతుందా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నాన్నకు మొలల వల్ల రక్తం పోతోంది. తాబేలు మాంసం తింటే తగ్గుతుందంటే, ఎండిన చెరువులో బురద తవ్వి మా బావమరిది రెండు తెచ్చాడు. ఒకటి వండాం. ఆ వీడియో స్టేటస్‌లో పెట్టాను. ఫారెస్టు వాళ్ళు డిప్ప తీసుకెళ్ళి, ఆఫీసుకు రమ్మని నోటీసు ఇచ్చారు. రెండో తాబేలు బావమరిది ఇంట్లో తొట్టిలో ఉంది. ఒప్పుకుని సంతకం పెట్టి జరిమానా కడితే అయిపోతుందంటున్నారు. పేదవాళ్ళం, తెలియక చేశాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తెలియకపోవడం, పేదరికం, నాన్నగారి జబ్బు.. ఇవేవీ కేసును తేల్చవు. తేల్చేది ఆ డిప్ప ఏ జాతి తాబేలుదన్న ఒక్క విషయం. మన చెరువుల బురదలో వేసవిలో దాక్కునేది ఎక్కువగా ఇండియన్ ఫ్లాప్‌షెల్. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) మొదటి షెడ్యూల్‌లో ఉంది. అంటే చట్టం ముందు పులీ అదీ ఒకటే. సెక్షన్ 51 కింద కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళ జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అమ్మలేదు, తిన్నామంతే అన్నా లాభం లేదు.

జరిమానా మాట నమ్మకండి. కనీస జైలుశిక్ష ఉన్న నేరాన్ని సెక్షన్ 54 కింద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీల్లేదు. కట్టిన డబ్బు పోతుంది, పెట్టిన సంతకం మిగులుతుంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది చెల్లదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఏసీఎఫ్ (అసిస్టెంట్ కన్జర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్) స్థాయికి తగ్గని అటవీ అధికారి మీ సమక్షంలో సెక్షన్ 50 ప్రకారం నమోదు చేసిన సాక్ష్యాన్ని కోర్టు తీసుకుంటుంది. మాంసమో డిప్పో మీ దగ్గర దొరికిందని రుజువైతే, అది అక్రమంగా ఉంచుకోలేదని నిరూపించే భారం సెక్షన్ 57 మీ మీదే పెడుతుంది. మూడేళ్ళు ఆగితే కేసు కొట్టేస్తారన్న మాటా తప్పే. ఏడేళ్ళ శిక్ష ఉన్న నేరానికి ఆ కాలపరిమితి వర్తించదు.

వీడియో తీసి స్టేటస్‌లో పెట్టడం ఎంత నిర్లక్ష్యం! ఇప్పుడు దాన్ని చెరిపేసినా, రెండో తాబేలును రాత్రికి రాత్రి చెరువులో వదిలినా సాక్ష్యం మాయం చేశారన్న నేరం తోడవుతుంది. ఫోన్ జోలికి వెళ్ళకండి. తాబేలును మాత్రం ఇంకో రోజు ఉంచుకోకండి. లాయరును వెంటబెట్టుకుని, రాతపూర్వకంగా రేంజ్ ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకోండి. చేసిన నేరం దీంతో పోదు, కానీ ఆ ప్రాణి దక్కుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ జాతి ముప్పున్న జాతుల్లో చేరిపోయింది. మాంసం కోసం పట్టుకోవడం అందుకు పెద్ద కారణం. ఎండిన చెరువులో తవ్వితే చాలు, గుడ్లు పెట్టాల్సిన ఆడవి కూడా సులభంగా చేతికొస్తాయి. పెద్దవి పోతే పిల్లలు ఆ లోటు పూడ్చలేవు.

నోటీసుకు గడువులోగా లాయరుతోనే వెళ్ళండి. చదవకుండా దేని మీదా సంతకం వద్దు. స్వాధీనం చేసుకున్నప్పటి పంచనామా నకలు అడగండి. తేదీ, సాక్షుల సంతకాలు, డిప్పకు సీలు వేశారా, జాతి నిర్ధారణకు ల్యాబుకు పంపారా చూడండి. వాదించడానికి చోటుంటే అక్కడే ఉంటుంది. ముందస్తు బెయిలుకు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 482 కింద సెషన్స్ కోర్టులో పిటిషన్ వేయాలి. నాన్నగారి వైద్యం కాగితాలు అక్కడ జతచేయండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసినా సరే. నాన్నగారిని ఈ వారమే ప్రభుత్వాసుపత్రిలో సర్జన్‌కు చూపించండి. రక్తం పోతుంటే కూరలతో కాలయాపన చేయకూడదు.