హైదరాబాద్‌లో ఉంటూ లోతు సముద్రపు తిమింగలాల గురించి తెలుసుకోవచ్చా?

బీక్డ్ తిమింగలాలను (పక్షి ముక్కులా పొడుచుకొచ్చిన మూతి ఉండే లోతు సముద్రపు జాతులు) ఎవరైనా కళ్లారా చూశారా, సముద్రమే లేని ఊళ్లో ఉంటూ వాటి గురించి ఏం నేర్చుకోగలం అని అడిగారు. నేను ఒక జాతిని చూశాను. కానీ చూసింది గోరంత, చదివి తెలుసుకున్నదే కొండంత. వీటి విషయంలో శాస్త్రవేత్తల పరిస్థితీ దాదాపు ఇంతే కాబట్టి మీరేమీ వెనకబడిపోలేదు.

ఆఫీసు పని మీద మిలాన్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం ఇటలీ తీరంలోని జెనోవా వెళ్లి తిమింగలాలు చూపించే పడవెక్కాను. అక్కడ సముద్రం అడుగున తీరానికి దగ్గరలోనే లోతైన లోయ ఉంది. క్యూవియర్స్ బీక్డ్ వేల్ అనే జాతికి అది అలవాటైన చోటు. చాలాసేపు నీళ్లు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక గోధుమరంగు వీపు, బాగా వెనకగా చిన్న రెక్క, ఒళ్లంతా తెల్లటి గీతలు కనిపించాయి. ఆ గీతలు మగవాటి కొట్లాటల గుర్తులని గైడ్ చెప్పాడు. కింది దవడ కొసన రెండు పళ్లు బయటికొచ్చేది మగవాటికే. తిండికి ఆ పళ్లతో పనిలేదు, స్క్విడ్‌లను నోటితో పీల్చేసుకుంటాయి. ఫోన్ తీసేలోపే అది మునిగిపోయింది, మళ్లీ రాలేదు. వీడియోల్లోలా ఎగిరి దూకుతుందని ఆశపడి వెళ్తే డబ్బులు దండగ అనిపిస్తుంది.

మునిగితే అంత త్వరగా ఎందుకు రాదో తర్వాత చదివాను. ట్రాన్స్‌మీటర్ అతికించి చూస్తే ఈ జాతి 2,992 మీటర్ల లోతుకి వెళ్లినట్టు 2014లో, 3 గంటల 42 నిమిషాలు పైకి రాకుండా ఉన్నట్టు 2020లో ప్రచురించారు. ఊపిరితిత్తుల కంటే కండరాల్లోని మయోగ్లోబిన్‌లో (ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్), రక్తంలో దాచుకునే ఆక్సిజనే దీనికి ముఖ్యం. అసలు 1823లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్యూవియర్ దీని పుర్రెను వర్ణించినప్పుడు, ఎప్పుడో అంతరించిన జంతువు అనుకున్నాడు!

నాకు ఇంకా ఇష్టమైనది స్పేడ్ టూత్డ్ వేల్ అనే మరో బీక్డ్ జాతి కథ. 1872లో న్యూజిలాండ్ దగ్గర పిట్ దీవిలో ఒక దవడ దొరికింది. పూర్తి శరీరాలు దొరకడానికి 2010 దాకా ఆగాల్సొచ్చింది. ఆ తల్లీపిల్లలను మొదట వేరే జాతి అనుకున్నారు, డీఎన్‌ఏ పరీక్షలో బయటపడింది. 2024లో న్యూజిలాండ్ తీరానికే 5 మీటర్ల మగది కొట్టుకొచ్చింది. సముద్రంలో ప్రాణంతో తిరుగుతుండగా చూసినట్టు మాత్రం ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదు. మన పక్కన శ్రీలంకలో 1963లో దొరికిన ఇంకో బీక్డ్ తిమింగలానికి అక్కడి శాస్త్రవేత్త దెరణియగల కొత్త జాతిగా పేరు పెడితే, తర్వాతివాళ్లు కాదని ఇంకో జాతిలో కలిపేశారు. 2014లో డీఎన్‌ఏ ఆధారంగా మళ్లీ వేరు చేశారు.

హైదరాబాద్‌లో ఏముందంటారా? దేశం మొత్తానికీ సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్ దగ్గరే ఉంది. అది తిమింగలాల కేంద్రం కాదు. అయినా ఇంట్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు, ముందు సముద్రపు లోతుల మ్యాపులు చదవడం అలవాటు చేసుకోండి. లోయలెక్కడున్నాయో తెలిస్తే ఈ జంతువులను ఎక్కడ వెతుకుతారో అర్థమవుతుంది.

పెద్ద తిమింగలం చూడాలన్నదే మీ కోరికైతే శ్రీలంకలోని మిరిస్సా వెళ్లండి, నీలి తిమింగలాలకు అది నయం. ఎప్పుడైనా విశాఖ, కాకినాడ వైపు ఒడ్డున చనిపోయిన తిమింగలం కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పండి. దవడ, గొంతు కింద గాడులు, తోక అంచు స్పష్టంగా ఫొటోలు తీయండి. గొంతు కింద రెండు గాడులు ఉండి, తోక మధ్యలో నొక్కు లేకపోతే అది బీక్డ్ జాతే కావచ్చు.